ఖాళీ బాక్స్‌కార్, 1913

మార్చి 8, శనివారం

ఇవాళ ఒక అబద్ధం చెప్పాను. అది ఎలా మొదలైందో ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే, నెల తిరిగేసరికి దాన్ని నేనే నిజమని నమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఈ నోట్‌బుక్. ఆఫీసు ట్రైనింగ్‌లో ఇచ్చారు. మొదటి నాలుగు పేజీల్లో క్లౌడ్ సెక్యూరిటీ ఉంది, ఐదో పేజీ నుంచి నేను.

జరిగింది ఇది. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల దూరంలో ఉన్న చర్చి బేస్‌మెంట్‌లో ప్రతి శనివారం మోడల్ రైల్ క్లబ్ జరుగుతుంది. కిందటి సెప్టెంబర్ నుంచి వెళ్తున్నాను. మొత్తం పదకొండు మందిమి. నేను తప్ప అందరూ రిటైరైన మగవాళ్లే. అసలు బండిలో ఎనభై ఏడో వంతు సైజులో వ్యాగన్లు కడతాం. మన గూడ్స్ షెడ్‌లో మూత వ్యాగన్ అనేదాన్ని ఇక్కడ బాక్స్‌కార్ అంటారు. నేను కడుతున్నది 1913 నాటిది. చుట్టూ చెక్క పలకలు, పైన కప్పు, పక్కకి జరిగే తలుపు. పూర్తయితే అరచేతిలో పడుతుంది. మే 3న క్లబ్ ఎగ్జిబిషన్‌లో పెడతారు.

క్లబ్ ప్రెసిడెంట్ డెల్మర్ ఫంక్‌హౌజర్ గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. హైస్కూల్లో వడ్రంగం నేర్పిన టీచర్. ఇవాళ నా పక్కన కూర్చుని, అందరూ బండి చేతికిస్తే ముందు చక్రాలు చూస్తారని, నేను మాత్రం తలుపు తెరిచి లోపలికి చూస్తానని, అది ఎందుకని అడిగారు.

"మా అమ్మ రైల్వేలో పని చేసింది," అన్నాను.

ఏ డిపార్ట్‌మెంట్ అన్నారు. గూడ్స్ అన్నాను. ఏం పని అన్నారు. సరుకు దించాక వ్యాగన్ లోపల చూసేది అన్నాను.

"ఓ, ఇన్‌స్పెక్టర్," అన్నారు ఆయన.

నేను తల ఊపాను.

ఆ తల ఊపడం ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజమే. అమ్మ చూసేది. చూసి, ఊడ్చేది.

మార్చి 9, ఆదివారం

నిన్నటిది మళ్లీ చదివాను. అబద్ధం అని రాయడం కొంచెం ఎక్కువైంది. అపార్థం అంటే సరిపోతుంది. వచ్చే శనివారం సరిచేస్తాను. రెండు నిమిషాల పని.

మార్చి 11, మంగళవారం

సరిచేసేటప్పుడు ఏం చెప్పాలో ఒకసారి ఇక్కడ రాసి చూసుకుంటాను.

మా ఊరి గూడ్స్ షెడ్‌కి బియ్యం, గోధుమల వ్యాగన్లు వచ్చేవి. హమాలీలు బస్తాలు దించేవాళ్లు. మా నాన్న వాళ్లలో ఒకడు, నేను ఏడో క్లాసులో ఉండగా పోయాడు. బస్తాలు దిగిపోయాక ఆడవాళ్లు లోపలికెక్కి ఊడ్చేవాళ్లు. జీతం లేదు. వ్యాగన్ శుభ్రంగా అప్పజెప్పాలి, అందుకు బదులుగా ఊడ్చిన గింజలు ఊడ్చినవాళ్లవి. ఆ షెడ్‌లో అదే పద్ధతి. ఎక్కడా రాసి లేదు కాబట్టి కొత్త వాచ్‌మన్ వచ్చినప్పుడల్లా కర్ర పట్టుకుని తరిమేవాడు, పాతబడ్డాక మానేసేవాడు. అమ్మ పందొమ్మిదేళ్లు ఊడ్చింది. నేను తిన్న అన్నం చాలావరకు వ్యాగన్ నేల మీది నుంచి వచ్చిందే. రాళ్లు ఏరడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. ఇదంతా దాచాలని ఎప్పుడూ అనుకోలేదు. అడిగినవాళ్లు లేరు, అంతే.

బాగానే ఉంది. కాకపోతే ఇంగ్లిష్‌లో మరీ పొడుగవుతుంది.

అమ్మ ఫిబ్రవరిలో వచ్చింది, జులై దాకా ఉంటుంది. వచ్చిన మూడో రోజుకే వంటింట్లో డబ్బాలన్నీ తన ఎత్తుకి దింపుకుంది. నా హౌస్‌మేట్ స్మృతి న్యూజెర్సీలో, ఎడిసన్‌లో పుట్టి పెరిగింది. దాని తెలుగు సగం, అమ్మ ఇంగ్లిష్ సున్నా, అయినా రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఇవాళ ఆఫీస్ నుంచి వచ్చేసరికి అమ్మ దానికి ఆవపెట్టిన అరటికాయ కూర నేర్పుతోంది, అది అమ్మకి ఎయిర్ ఫ్రయర్ నేర్పుతోంది. ఇద్దరూ ఒకరిని చూసి ఒకరు జాలిపడుతున్నారు.

మార్చి 15, శనివారం

ఇవాళ నా బండి మీద ఒక పట్టుకడ్డీ ఎక్కువైందని డెల్మర్ గారు ఊడదీయించారు. మనుషులు పట్టుకుని ఎక్కే కడ్డీలు ఎక్కడ ఎన్ని ఉండాలో 1911లో రూలు వచ్చింది. ఆ రోజుల్లో బ్రేకులు వేయడానికి మనుషులు కదులుతున్న బండి కప్పు మీద నడిచేవాళ్లు, వానలోనూ మంచులోనూ. జారిపడి ఎంతోమంది పోయాక ఆ రూలు వచ్చింది. "ప్రతి కడ్డీ వెనకా ఒక మనిషి ఉన్నాడు, ఒకటి తక్కువ పెట్టకు, ఎక్కువా పెట్టకు," అన్నారు. ఇలాంటి మాటలకే నేను ఆ బేస్‌మెంట్‌కి వెళ్తాను.

మా అందరికీ ఆధారం ఒకే ఫోటో. గోడకి ఫ్రేమ్ కట్టి ఉంటుంది. తలుపు తెరిచిన బాక్స్‌కార్, కింద అట్ట మీద పెన్సిల్‌తో "ఖాళీ బాక్స్‌కార్, 1913" అని ఉంటుంది. డెల్మర్ గారు దాన్ని చూసి ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ బండిని మూడుసార్లు కట్టారు. ఎన్ని బోల్టులున్నాయో కళ్లు మూసుకుని చెప్తారు. ఆ కాలంలో ఇక్కడ ధాన్యం కూడా బస్తాల్లో కాకుండా విడిగా ఈ పెట్టెల్లోనే పోసేవాళ్లట. తలుపు సందులో ఛాతీ ఎత్తు దాకా పలకలు మేకులు కొట్టి అడ్డం కట్టి, పై నుంచి గోధుమలు పోసేవాళ్లు. దించేటప్పుడు పలకలు ఊడగొట్టి పారలతో తోడేవాళ్లు.

సరిచేయాల్సింది సరిచేయలేదు. నోరు తెరిచేలోపే ఆయన, ఎగ్జిబిషన్‌కి మా అమ్మని ముఖ్య అతిథిగా పిలవాలని క్లబ్ తీర్మానించిందన్నారు. పదిమందీ చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్య ఎలా చెప్తాం?

మార్చి 16, ఆదివారం

చెప్పలేదు. రోజంతా వాన.

మార్చి 19, బుధవారం

అమ్మ నా బండిని మొదటిసారి శ్రద్ధగా చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని తలుపులోంచి లోపలికి తొంగి చూసి, "తలుపు తెరిచి పెట్టావు, లోపల ఒక్క గింజ లేదేంటే?" అంది.

సరుకు దించేశారమ్మా అన్నాను.

"దించేస్తే మాత్రం? మూలల్లో ఉంటాయి, పలకల సందుల్లో ఉంటాయి. సందుల్లోవి చీపురుకి రావు, పుల్లతో తీయాలి. ఇంత శుభ్రంగా ఉంటే అసలు ఎప్పుడూ ఏదీ ఎక్కించని బండన్నమాట."

ఆరు నెలలు కష్టపడ్డాను. పదిమంది నిపుణులు చూశారు. ఎవరికీ తోచలేదు.

బొంబాయి రవ్వ తెచ్చి చల్లబోయింది. రవ్వ గింజని ఎనభై ఏడు రెట్లు చేస్తే చిన్న బంగాళాదుంప అవుతుందని లెక్కేసి చూపించాను. నవ్వి, శనగపిండి రెండుసార్లు జల్లెడ పట్టి ఇచ్చింది. టూత్‌పిక్‌తో మూలల్లో అద్దాం. ఆమె చెప్పినచోట, చెప్పినంత. తలుపుకి ఎదురు మూల ఎక్కువ ఉండాలట, ఎందుకంటే అక్కడ చీకటి.

స్మృతి వచ్చి చూసి, "ఆంటీ, ఇది బజ్జీల పిండి లాగా ఉంది," అంది.

మార్చి 22, శనివారం

ఇన్విటేషన్ డ్రాఫ్ట్ ఇచ్చారు. ముఖ్య అతిథి చాముండేశ్వరి గారు, రిటైర్డ్ గూడ్స్ వ్యాగన్ ఇన్‌స్పెక్టర్, ఇండియన్ రైల్వేస్. వంకీలు తిరిగిన అక్షరాలు. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద, అమ్మకి చదవడం రాదు కదా అని, మామూలుగా పెట్టాను.

స్మృతికి చదవడం వచ్చు.

మార్చి 23, ఆదివారం

నిన్న నేను స్నానానికి వెళ్లినప్పుడు స్మృతి ఆ కార్డు అమ్మకి చదివి, ఇన్‌స్పెక్టర్ అంటే పెద్ద ఆఫీసర్ అని విడమరిచి చెప్పి, "ఆంటీ, మీరు నాకు చెప్పనే లేదు," అని కోప్పడిందట కూడా. అమ్మ నవ్విందట.

ఇవాళ పొద్దున గిన్నెలు సింక్‌లో అలాగే ఉన్నాయి. అమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"ఇన్‌స్పెక్టర్లు గిన్నెలు కడగరు," అంది టీవీ మీంచి చూపు తిప్పకుండా.

తోమాను.

మార్చి 25, మంగళవారం

ఇన్‌స్పెక్టర్లు వెల్లుల్లి వలవరట. ఇన్‌స్పెక్టర్లకి పక్క బట్టలు కూతుళ్లే మడతపెడతారట. ఇండియన్ స్టోర్‌లో బెండకాయ ఒక్కొక్కటీ తోక విరిచి, "ఇన్‌స్పెక్షన్," అంది. స్మృతి పడీపడీ నవ్వుతోంది. దానికి అసలు విషయం ఇంకా తెలీదు, ఆంటీ జోకులేస్తోందనుకుంటోంది.

అమ్మకి కోపం లేదు. కోపముంటే ఇలా నవ్వదు. శనివారం డెల్మర్ గారికి చెప్పేస్తానన్నాను. "నీ ఇష్టం," అంది.

మార్చి 29, శనివారం

డెల్మర్ గారికి బాగా దగ్గుగా ఉంది. అలాంటి మనిషికి ఇప్పుడేం చెప్తాం. బండికి నంబర్లు అంటించాను, చాలా బాగా వచ్చాయి.

ఏప్రిల్ 2, బుధవారం

శనివారం అమ్మని క్లబ్‌కి తీసుకురమ్మని ఈమెయిల్. మంచిదే. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పేస్తే ఒకేసారి అయిపోతుంది.

ఏప్రిల్ 5, శనివారం

పెద్ద రోజు. అమ్మ గంధం రంగు చీర కట్టుకుని, దాని మీద నా కోటు వేసుకుని వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. డెల్మర్ గారు కుర్చీ లాగి, మ్యామ్ అన్నారు. అమ్మ ఆయనకి డబ్బాలో సున్నుండలు ఇచ్చి, దగ్గుకి మిరియాలు వేసిన పాలు తాగమని నా చేత చెప్పించింది.

తరవాత ఆయన ఫోటో దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్క బోల్టూ చూపించారు. అమ్మ బోల్టులు చూడలేదు. తలుపులోకి చూసింది.

"లోపల ఆవిడెవరు?" అంది.

"ఎవరూ లేరమ్మా. ఖాళీ బండి."

"ఖాళీ ఏంటే? అదిగో, తెల్లగా."

తలుపు చీకట్లో ఒక తెల్లటి మరక ఉంటుంది. అది ఫోటో తీసిన గాజు ప్లేట్ మీద పడిన మచ్చ అని క్లబ్‌లో అందరికీ తెలుసు. నేను అడిగితే డెల్మర్ గారు అదే చెప్పారు, నేను అదే అమ్మకి చెప్పాను.

"మచ్చ కాదండి బాబుగారూ, తలగుడ్డ," అంది అమ్మ, నేరుగా ఆయనతో, తెలుగులోనే.

ఆయన ఫ్రేమ్ గోడ నుంచి దింపారు. భూతద్దం, టేబుల్ లైటు తెచ్చారు. చాలాసేపు వంగి చూశారు. నేనూ చూశాను. ఒకసారి కనిపించాక ఇక కనిపించకుండా పోదు. తలగుడ్డ, దాని కింద మొహం, భుజం, చేతిలో కర్ర. దగ్గు కూడా ఆగిపోయింది ఆయనకి.

"చీపురు చూడు," అంది అమ్మ. "పొడుగు కర్ర. నిలబడి ఊడుస్తుంది, అదృష్టవంతురాలు. నడుముకి సంచి కట్టుకుంది చూశావా? గడప మీద దుమ్ము ఇంకా తెల్లగా ఉంది, సరుకు దించి ఎంతోసేపు కాలేదు. నేను చేసిన పనే అని ఆయనకి చెప్పు."

చెప్పాను. దాదాపు అంతా చెప్పాను.

సున్నుండల డబ్బా ఖాళీ అయింది. అందరికీ తెగ నచ్చాయి.

ఏప్రిల్ 6, ఆదివారం

దాదాపు.

తలగుడ్డ చెప్పాను. చీపురు చెప్పాను, సంచి చెప్పాను, గడప మీద దుమ్ము చెప్పాను. చివరి మాట దగ్గర డెల్మర్ గారు నా మొహంలోకే చూస్తున్నారు, వెనక తొమ్మిదిమంది. నా నోటి నుంచి వచ్చింది ఇది: "మా అమ్మ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి వాళ్లని చాలామందిని చూసిందట."

కారులో అమ్మ సీట్ బెల్టు పెట్టుకుంటూ, "నాకు ఇంగ్లీషు రాదు," అంది. "కానీ ఆ ఒక్క మాట ఈ రెండు వారాల్లో బాగా నేర్చుకున్నాను."

ఇంటికి వచ్చాక గిన్నెలు తనే కడిగేసింది. నేను తీసుకోబోతే మోచేత్తో పక్కకి జరిపింది.

ఏప్రిల్ 8, మంగళవారం

అమ్మ మే 3న రానంది. గొడవ పడకుండా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.

"ఆ ఇన్‌స్పెక్టర్ని తీసుకెళ్లు," అంది.

ఏప్రిల్ 9, బుధవారం

డెల్మర్ గారు ఆ ఫోటోని పెద్దగా స్కాన్ చేయించి పంపారు. ఆమె స్పష్టంగా కనిపిస్తోంది. అమ్మ వయసే ఉంటుంది. కెమెరా వైపు చూడటం లేదు, పని చేసుకుంటోంది. ఆయన ఈమెయిల్ రెండు పేజీలుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు తను బోల్టులు లెక్కపెట్టి మనిషిని వదిలేశానని, నిద్ర పట్టడం లేదని, నాలుగోసారి ఆ బండి కడతానని రాశారు. చివర్లో, ఫోటో పక్కన పెట్టబోయే బోర్డు మీద మాటలు కూడా పంపారు. "వందేళ్లకు పైగా ఎవరికీ కనిపించనిది, శిక్షణ పొందిన ఒక ఇన్‌స్పెక్టర్ కంటికి కనిపించింది."

శిక్షణ పొందిన.

కార్డులు, బోర్డు 18న ప్రింట్‌కి వెళ్తాయట.

ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ కూడా ఆ ఈమెయిల్‌కి జవాబు రాయలేదు. నాలుగుసార్లు తెరిచాను.

ఏప్రిల్ 12, శనివారం

క్లబ్‌కి వెళ్లలేదు. అమ్మతో ట్రెయిల్ మీద నడవడానికి వెళ్లాను. ఒకప్పుడు రైలు పట్టాలుండి తీసేసిన దారి అది. స్మృతి కూడా వచ్చింది. పాత స్టేషన్ దాటాక, అడగాల్సింది అడిగాను. నేను డెల్మర్ గారికి మొత్తం రాస్తాను, షెడ్ గురించి, ఊడ్చడం గురించి. రాయొచ్చా అని.

స్మృతి నడక ఆపేసింది. దానికి అప్పుడే తెలిసింది. నా వైపు ఒక చూపు చూసి, అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది.

అమ్మ నా వైపు తిరిగి, "రాస్తే నీ వీసాకి ఏమన్నా అవుతుందా?" అంది. "రైల్వే గింజలు తిన్నామని."

"ఆంటీ, ఇండియా రైస్ కోసం ఎఫ్‌బీఐ రాదు," అంది స్మృతి.

"నువ్వుండు. దీనికి చెప్తున్నా. ఊడ్చాం అని రాయి. దొంగలం అని మాత్రం రాయకు, ఎవరితోనూ అనిపించకు. ఊడ్చినవాళ్లదే గింజ. అక్కడ అందరికీ తెలుసు. ఆ వాచ్‌మన్‌కి కూడా తెలుసు, తెలిసే తరిమేవాడు."

సరే అన్నాను. మరి ఆ రోజు ఆయనకి చెప్పు అని నువ్వే ఎందుకన్నావు, ఇన్‌స్పెక్టర్ అని పిలిపించుకుని రెండు వారాలు నవ్వావు కదా అని అడిగాను.

"నువ్వు అన్నందుకు నవ్వాను. కూతురివి, ఏదో సిగ్గుపడ్డావు, పోనీలే అనుకున్నా," అంది. "ఆ ఫోటోలో ఆవిడ్ని చూశాక నవ్వు రాలేదు. ఇన్నేళ్లు ఆవిడ్ని మచ్చ అన్నారు. తెలీక అన్నారు. నీకు తెలుసు కదే."

మార్చి 9న అపార్థం అని రాసింది కొట్టేయాలనిపించింది. కొట్టేయను, ఉండనీ.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ షరతులు చెప్పింది. కార్డు మీద ఏం రాయాలో, బండిలో ఏం పెట్టాలో, జవాబు ఎవరు చదవాలో. చివరిది విని స్మృతి గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఏప్రిల్ 13, ఆదివారం

ఉత్తరం ముందు తెలుగులో రాసి అమ్మకి చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపించి మార్పించింది. ఇంగ్లిష్ చేశాక స్మృతి దాన్ని తన సగం తెలుగులో అమ్మకి వినిపించి, ఏదీ జారిపోలేదని ఇద్దరూ తేల్చాకే పంపనిచ్చారు. తెలుగుది ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

డెల్మర్ గారికి,

మీ ఈమెయిల్‌కి నాలుగు రోజులు ఆలస్యంగా జవాబిస్తున్నాను. కారణం పని ఒత్తిడి కాదు.

మా అమ్మ ఇన్‌స్పెక్టర్ కాదు. మీరు ఆ మాట అన్నప్పుడు నేను తల ఊపాను. తరవాత ఐదు వారాల్లో చెప్పే అవకాశం చాలాసార్లు వచ్చింది, చెప్పలేదు. ఫోటో ముందు నిలబడి ఉన్నప్పుడు ఆమె స్వయంగా చెప్పమన్న మాటని కూడా మార్చి చెప్పాను. ఆమె అన్నది ఇది: "నేను చేసిన పనే అని ఆయనకి చెప్పు."

మా అమ్మ పందొమ్మిదేళ్లు గూడ్స్ షెడ్‌లో వ్యాగన్లు ఊడ్చింది. జీతం లేదు, ఊడ్చిన గింజలు ఊడ్చినవాళ్లవి. ఆ గింజలతోనే నేను పెరిగి చదువుకున్నాను. ఆమెకి చదవడం రాదు, ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఫోటోలో మనిషి ఆమెకి కనిపించింది ఎందుకంటే ఆమె వెతికింది మనిషినే. నా బండి లోపల మూలల్లో ఉన్న ధాన్యం కూడా ఆమె చెప్పినట్టు అద్దిందే, నా పరిశోధన కాదు.

మీరు ఒకసారి నాతో ప్రతి కడ్డీ వెనకా ఒక మనిషి ఉన్నాడని, ఒకటి తక్కువ పెట్టొద్దని, ఎక్కువా పెట్టొద్దని అన్నారు. నేను ఒకటి ఎక్కువ పెట్టాను. ఊడదీయమని అడుగుతున్నాను.

కార్డు మీద ఇలా ఉండాలని అమ్మ కోరిక: "చాముండేశ్వరి, పందొమ్మిదేళ్లు వ్యాగన్లు ఊడ్చిన మనిషి." రిటైర్డ్ అని వద్దంది. ఇప్పటికీ ఎవరి ఇల్లయినా ఊడ్చగలనంది. ఫోటో కింద "ఖాళీ బాక్స్‌కార్" అన్న మాట తీసేసి, "బాక్స్‌కార్ ఊడుస్తున్న స్త్రీ, 1913, పేరు తెలియదు" అని రాయమంది. మీరు నాలుగోసారి కట్టబోయే బండిలో ఆమెని నిలబెట్టి, చేతిలో పొడుగు కర్ర చీపురే పెట్టాలట. పొట్టి చీపురు పెడితే ఆమెకి నడుము నొప్పి వస్తుందట.

ఇది తెలిశాక మా అమ్మని ముఖ్య అతిథిగా పిలవడం క్లబ్‌కి ఇబ్బందిగా ఉంటే ఆ మాటే సూటిగా రాయండి. ఆమె అర్థం చేసుకుంటుంది. నా బండిని ప్రదర్శన నుంచి తీసేయాలనిపిస్తే అదీ రాయండి, అది నా తప్పుకి తగినదే. పాత కార్డు మాత్రం ప్రింట్ చేయకండి. ఆ కార్డుతో ఆమె రాదు, నేను తీసుకురాను.

18న ప్రింట్‌కి వెళ్తాయన్నారు కాబట్టి గురువారం, ఏప్రిల్ 17 సాయంత్రంలోగా మీ జవాబు కావాలి. అది నాకు కాకుండా మా అమ్మకి, ఆమె పేరు మీదే రాయండి. ఆమెకి తెలుగులో చదివి చెప్పేది నేను కాదు, స్మృతి. ఆ పని నుంచి ప్రస్తుతానికి నన్ను తీసేశారు.

సాయి ప్రియ